దేవుడు కొన్న బుట్ట

పోయిన వారం మనం ముత్యమ్మను కంపెనీ గేటు ముందు వదిలేసి వచ్చాం. నెత్తి మీది ప్లాస్టిక్ టోపీ తీసి, లేబర్ కాంట్రాక్టర్ ఐలన్న టేబుల్ మీద పెట్టి, “ఇగ నేను రాను, ఇప్పటిసంది నేను గూడ ఓనర్నే” అని ఆమె అన్న మాటకు పాశమైలారంలో పొగగొట్టాలన్నీ ఒక్క క్షణం పొగ మింగేశాయని చూసినవాళ్లు చెబుతారు. చూడనివాళ్లు ఇంకా గట్టిగా చెబుతారు.

ఆ మాట ఆమె చేత అనిపించింది ఒక బుట్ట. కంపెనీల్లో పెట్టెలకు చుట్టి వచ్చి, పెట్టె విప్పగానే బయట పారేసే పసుపుపచ్చ ప్యాకింగ్ పట్టీలతో అల్లిన టిఫిన్ బుట్ట. సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఎల్సీ, ఆమ్నా కలిసి చేసిన ఆలోచన అది. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో క్లారా టీచర్ చెప్పే కొత్త పాఠం పేరు ‘ఊరి మేలు వ్యాపారం’. ఊళ్లో ఒక ఇబ్బంది వెతకాలి. దాన్ని తీర్చే వ్యాపారం ఒకటి పెట్టాలి. అందులో వచ్చిన లాభం పెట్టినవాళ్ల జేబులోనే ఆగిపోకుండా ఊరికి కూడా అందాలి. పిల్లలిద్దరూ పట్టీలు ఏరుకొచ్చారు. ఎల్సీ వాళ్ల పక్కింటి ముత్యమ్మకు అల్లిక వచ్చు. మొదటి బుట్టను ఎల్సీ తీసుకెళ్లి తమ చర్చిలో కోత పండుగ వేలంపాటలో పెట్టింది. రిటైర్డ్ హెడ్మాస్టర్ దేవసహాయం సారూ, ఆటో స్పేర్ పార్టుల ఎబెనేజరూ ఒకరి మీద ఒకరు పాడి పాడి, చివరికి ఒక మేకపిల్ల వచ్చేంత ధరకు దేవసహాయం సార్ ఆ బుట్టను గెలిచారు.

ఆ ధర పట్టుకొచ్చి ఎల్సీ ముత్యమ్మ చెవిలో వేసింది. తెల్లారి టోపీ టేబుల్ ఎక్కింది. అక్కడ మనం ఆగాం.

ఈ వారం శుక్రవారం దగ్గర మొదలవుతుంది. గాలి మందుల కంపెనీల కాజీపల్లి మీదుగా వీచిన రోజున ఆ బడిలో ముక్కులన్నీ ఒకేసారి మూసుకుంటాయి, అటెండెన్స్‌కు జవాబు చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఈ శుక్రవారం గాలి మంచిది. అందరి గొంతులూ పలుకుతున్నాయి.

“రేపే సంగారెడ్డిల జిల్లా మేళా,” అంది క్లారా టీచర్. “ఒక్కో టీం స్టేజి ఎక్కి తన వ్యాపారం సంగతి చెప్పాలె. దాని కంటె ముందు నాకొకటి చెప్పుండ్రి. మీ దగ్గర ఒకసారి కొన్నోళ్లల్ల, రెండోసారి ఎవరొచ్చిండ్రు?”

ఫినాయిల్ చేసే మగపిల్లల జట్టు లేచింది. “మాది హెడ్మాస్టర్ సార్ కొన్నడు టీచర్.”

“రెండోసారి?”

“రెండోసారి మేమే కొన్నం టీచర్. బాత్రూంల మస్తు వాసనొస్తుండె.”

క్లాసు నవ్వు కంపెనీ సైరన్‌ను మించిపోయింది. అది సద్దుమణిగాక ఎల్సీ లేచింది. మెడ కొద్దిగా సాగింది. కంపెనీ గేటు దగ్గర బుట్టలు పట్టుకుని నిలబడితే షిఫ్టు దిగిన ఒడిశా కూలీలు చేతిలోని ఉత్త కవరు చూపించి “యే హై నా” అని వెళ్లిపోయిన సంగతి ఆమె ఎత్తలేదు. వాళ్లకు బుట్ట విలువ తెలియదని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

“మా బుట్టకైతే మేకపిల్ల ధర వచ్చింది టీచర్.”

“కొన్నదెవరు?”

“దేవసహాయం సార్.”

క్లారా టీచర్‌ది కూడా ఆ చర్చే. వేలం జరుగుతుంటే పాటల బృందంలో రెండో వరసలో కూర్చుని అంతా చూసింది. ఇప్పుడు పెదవుల చివర ఏదో మెదిలింది గానీ బయటికి రాలేదు.

“ఇంకోటి గూడ కొంటడా?”

“ఎందుకు కొనడు టీచర్?”

“మరి పోయి అడుగు. ఇయ్యాల్నే.”

తెలిసింది చెప్పకుండా అడగడానికి పంపించడం ఆమె పాఠం చెప్పే పద్ధతి. పిల్లలు ఆమెకు ‘సగం మాట టీచర్’ అని పేరు పెట్టుకున్నారు.

బడి వదలగానే ఎల్సీ, ఆమ్నా కొత్త బుట్ట ఒకటి పట్టుకుని దేవసహాయం సార్ ఇంటికి వెళ్లారు. ఆ ఇల్లు ఏళ్ల తరబడి కోత పండుగల్లో గెలిచిన సరుకుతో నిండి ఉంటుంది. ఏనాడో గెలిచిన గుమ్మడికాయ ఎండి రాయి అయిపోయి, తలుపు కొట్టుకోకుండా అడ్డం కూర్చుంది. ఆ ఇంట్లో ఒక నిమ్మకాయ ఉంది, దాని వయసు ఎల్సీ వయసు కన్నా ఎక్కువ. ఒక కోడిపుంజు కూడా ఉంది. దేవుడి సొమ్మని కోయనివ్వకపోవడంతో అది ముసలిదై, కూత మరిచిపోయి, ఇంటికి ఎవరు వచ్చినా దగ్గి చెబుతుంది. ఆ రోజు కూడా దగ్గింది.

పసుపుపచ్చ బుట్ట బీరువా మీద ఉంది. ఖాళీగా, శుభ్రంగా.

“ఉల్లిగడ్డలు ఏసుకుంటనంటె ఏసుకోనియ్యడు బిడ్డా,” అంది సార్ భార్య సౌభాగ్యమ్మ, పిల్లలకు మంచినీళ్లు ఇస్తూ. “దేవుని బుట్టల ఉల్లిగడ్డలా అని లొల్లి. మా ఉల్లిగడ్డలు గచ్చు మీదనే దొర్లుతున్నయి.”

“తాతా,” అంది ఎల్సీ, “ఇంకోటి తెచ్చినం. తీస్కుంటవా?”

“ఎంతకు?”

“గదే ధరకు.”

దేవసహాయం సార్ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకు పై పన్నుల సెట్టు ఊడి కింది సెట్టు మీద పడింది. దాన్ని సర్దుకుని మళ్లీ నవ్వారు.

“ఓ పిచ్చిపిల్లా! ఆ పైసలు నేను బుట్టకిచ్చిననా? చర్చి గోడకిచ్చిన. వానకు ప్రహరీ కూలలేదా? దానికి. పైకెల్లి ఆ ఎబెనేజర్‌గాడు నా మీదికి పాడె. వాడు పాడకపోతె సగంల సగానికే ఆగుతుండె.”

ఆమ్నా ముందుకు జరిగింది. ఆమె చర్చి వేలం ఎన్నడూ చూసింది కాదు.

“అయితె తాతా, ఆ బుట్ట మీరు కొనలేదా?”

“నేనెందుకు కొంటనమ్మా? దేవుడు కొన్నడు. నేను ఇంటిదాంక మోసుకొచ్చిన, గంతే.”

బయటికి వచ్చాక ఇద్దరూ గుంతలు తప్పించుకుంటూ కొంత దూరం నడిచారు. మందుల పీపాల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. దుమ్ము దిగే వరకూ ఆగి ఆమ్నా అంది:

“మా అబ్బా దుకాణంల గిసొంటి బుట్టలు గొలుసు లెక్క ఏలాడుతుంటయి. ఇప్పటిదాంక ఒక్కడన్న మేకపిల్లను తోల్కొని రాలే.”

“ఆ పొద్దే చెప్పద్దానే మరి?”

“నువ్వు వేలం అన్నవు. నేను కూరగాయల మండీల వేలం అనుకున్న. మండీల ఎవడు పాడినా సరుకు నిజంగనే కావాలె వానికి. మీ దగ్గర దేవుడొచ్చి పాడుతడని నాకేమెరుక?”

ఎల్సీ చిన్నప్పటి నుంచి చూస్తున్న వేలమే అది. నాలుగు గుడ్లు కోడి ధరకు పోతాయి, కోడి గొర్రె ధరకు పోతుంది, పాస్టర్ అయ్యగారు స్తోత్రం చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ గుడ్ల ధర చూసి ఎల్సీ వాళ్ల అమ్మ ఎన్నడూ కోళ్ల ఫారం పెట్టలేదు. చర్చిలో అందరికీ తెలిసిన సంగతే. ఎల్సీకీ తెలుసు. తన బుట్ట వచ్చినప్పుడు మాత్రం తెలియకుండా పోయింది.

“ముత్యమ్మ చిన్నమ్మకు ఎవరు చెప్పాలె?” అంది.

“ధర మోసుకపోయింది నువ్వు,” అంది ఆమ్నా. “నేను పక్కన నిలవడుత.”

ముత్యమ్మ ఇల్లు కనబడలేదు. బుట్టలు కనబడ్డాయి. దండెం మీద బుట్టలు, రేకుల మీద బుట్టలు, నీళ్ల డ్రమ్ము మీద బుట్టలు. వాకిట్లో తిరిగే కోళ్లు ఒక్కోటి ఒక్కో బుట్ట చూసుకుని పొదగడానికి కూర్చున్నాయి. పొదగడానికి గుడ్లు లేనివి కూడా కూర్చున్నాయి. నడుమ కూర్చుని ముత్యమ్మ అల్లుతోంది. ఆమె వేళ్లు కదిలే వేగానికి పట్టీలు ఈల వేస్తాయని వాడలో చెప్పుకుంటారు.

“రండే రండి! మా మేనేజర్లొచ్చిండ్రు,” అంది తల ఎత్తకుండానే. “ఎల్సీ, బోర్డు రాయించాలె. ‘ముత్యమ్మ బుట్టల కంపెనీ’ అని. పెద్దక్షరాలు ఉండాలె. ఐలన్న బండి మీద పోతుంటె కండ్లల్ల గుచ్చుకోవాలె వానికి.”

“చిన్నమ్మా...”

“వాడేమన్నడో ఎరికేనా? నువ్వు వారానికే తిరిగొస్తవు ముత్యమ్మా అన్నడు. అరె, ఎందుకొస్తరా నేను? ఇన్నేండ్లు నీ డబ్బాలకు పట్టీలు గట్టిన, ఇగ పట్టీలు నాకే అన్నం పెడ్తయి అన్న. ప్యాకింగుల ఆడోళ్లందరు చప్పట్లు గొట్టిండ్రు. సూపర్‌వైజర్ గూడ కొట్టబోయి చేతులు జేబుల వెట్టుకున్నడు.”

“చిన్నమ్మా, జెర ఆగు.”

“ఏందే, మొఖం గట్ల పెట్టినవు? పరీక్ష తప్పినవా?”

ఎల్సీ ఆమ్నా వైపు చూసింది. ఆమ్నా మాట ఇచ్చినట్టే పక్కన నిలబడింది. నిలబడడం తప్ప ఇంకేమీ చేయలేదు.

“ఆ ధర బుట్టది గాదు చిన్నమ్మా.”

“మరి దేనిది?”

“దేవునిది. కోత పండుగల గట్లనే పాడుతరు. చర్చి కోసం. బుట్ట గాకపోయి బుడమకాయ పెట్టినా గంతే పాడుతుండె సార్. ఇంకోటి తీస్కుంటవా అని అడిగొచ్చిన ఇప్పుడే. తీస్కోడంట.”

ముత్యమ్మ చేతులు ఆగాయి. ఆమె చర్చి మనిషి కాదు. ఏటా పోచమ్మకు బోనం చేస్తుంది, గణపతి పందిరి దగ్గర కోలాటం ఆడుతుంది. కాసేపు ఆమె కళ్లు ఆ వాకిట్లో లేవు, ఎక్కడో ఏదో వెతుకుతున్నాయి. దొరికింది.

“లడ్డూ లెక్కనా?” అంది.

“ఏం లడ్డూ?”

“గణపతి లడ్డూ. నిమజ్జనం నాడు పాడుతరు గద. గట్లనా?”

“ఆ చిన్నమ్మా. గట్లనే.”

ముత్యమ్మ మోకాలి మీది సగం బుట్టను పక్కన పెట్టింది.

“లడ్డూ ధర జూసి ఎవడన్న మిఠాయి దుకాణం పెడ్తడానే?” అంది. గొంతు పెంచలేదు. “నాతోటి పెట్టిచ్చినవు గదనే.”

“నాకు ఆ పొద్దు ఎరుకలేదు. ఒట్టు. ఇయ్యాల్నే ఎరుకైంది.”

“చిన్నప్పటిసంది ఆ చర్చిలనే ఉన్నవు. ఎరుకలేదా?”

ఒక కోడి బుట్టలోంచి లేచి, ఈ వ్యవహారం తనకెందుకన్నట్టు వేరే బుట్టలోకి మారింది.

“చిన్నమ్మా,” అంది ఆమ్నా అప్పుడు, “బుట్టలు పోవని గాదు. అబ్బా దుకాణంల పెట్టమంటె పెడ్తడు. మామూలు ధరకు.”

“ఆ మామూలుకు నా ఇల్లు నడుస్తదా?”

“నడువది,” అంది ఆమ్నా. అబద్ధం చెప్పి అమ్మడం దుకాణదారు బిడ్డకు రాలేదు. “కూరగాయల ఖర్చు మందం వస్తయేమో.”

ముత్యమ్మ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది. తెగిన పట్టీ ముక్కలు రాలిపడ్డాయి.

“నడువుండ్రి.”

“ఎక్కడికి?”

“ఐలన్న తానికి. నేనైతె వాని మొఖం జూడ. నీ మొఖం జూడనని అందరి ముందట అన్న, ఇగ ఎట్ల జూస్త? నీ మాట మీద టోపీ తీసిన. నువ్వే పోయి నెత్తి మీద పెట్టియ్యమని అడుగు.”

“నేనా? నేను చిన్నపిల్లను చిన్నమ్మా!”

“ధర చెప్పిన పొద్దు పెద్దదానివే ఉంటివి గదనే.”

కంపెనీ గేటుకు ఎదురుగా చాయ్ హోటల్. దాని పక్కన ఐలన్న రేకుల షెడ్డు. ముత్యమ్మ, ఆమ్నా చాయ్ హోటల్ బెంచీ దగ్గర ఆగిపోయారు. ఎల్సీ ఒక్కతే షెడ్డులోకి వెళ్లింది. లోపల కూలర్ ఒకటి చల్లటి గాలి ఇవ్వకుండా ఉత్త మోత పెడుతోంది. ముత్యమ్మ టోపీ ఇంకా టేబుల్ మీదే ఉంది. దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకుని ఐలన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆమె చెప్పిందంతా విన్నాడు. తిడతాడని ఎల్సీ అనుకుంది. కోప్పడితే ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అతను గ్లాసు పక్కకు జరిపి, కుర్చీ లాగి, “కూసో బిడ్డా” అన్నాడు. ఎల్సీ అనుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి.

“రేపు సంగారెడ్డి మేళాల మాట్లాడేది నువ్వేనట గద?”

“ఆ... అవునన్నా.”

“మా కంపెనీ పెద్ద సార్ వస్తున్నడు దానికి. చీఫ్ గెస్టు. ఎరికేనా?” టోపీని చేతిలోకి తీసుకుని చాయ్ మరక తుడిచాడు. “ముత్యమ్మను సోమారం పొద్దుగాల డ్యూటీకి రమ్మను. ఫస్టు షిఫ్టు.”

ఎల్సీకి ఊపిరి ఆడింది. లేవబోయింది.

“జెర ఆగు. నువ్వొక్క మాట చెప్పాలె స్టేజి మీద. మా బుట్టల పని జూసి ప్యాకింగ్ సెక్షన్ ఆడోళ్లందరు తమంతట తామే నౌకరి ఇడిసిపెట్టిండ్రు, ఓనర్లయిండ్రు, కంపెనీ పట్టీలిచ్చి సాయం జేసింది అని. గంతే. ముత్యమ్మను పక్కన నిలవెట్టుకో. ఫోటో మంచిగొస్తది.”

“అందరు ఇడిసిపెట్టలేదు గదన్నా. చిన్నమ్మ ఒక్కతే.”

“ఇడిసిపెడ్తరు.”

“ఎందుకు?”

ఐలన్న కిటికీలోంచి గేటు లోపలికి చూపించాడు. అక్కడ టార్పాలిన్ కప్పిన పెద్ద పెట్టె ఒకటి ఉంది. క్రేన్ పక్కనే నిలబడి ఉంది.

“డబ్బాలకు పట్టీ కట్టే మిషిన్. ఒక్క మనిషుంటె సాలు దానికి. మిగిలినోళ్లను తీసేస్తె యూనియనోళ్లొస్తరు, పేపరోళ్లొస్తరు, పెద్ద సార్ పరేషాన్ అయితడు. తమంతట తాము పోయిండ్రంటె ఎవ్వలు రారు. మొన్న ముత్యమ్మ టోపీ తీసిన పొద్దే నాకు తోచింది. మస్తు మంచి పాఠం చెప్తున్నరు బిడ్డా మీ బళ్లె.” గొంతు తగ్గించాడు. “ఆ ఒక్క మనిషి ముత్యమ్మనే. నేను మాటిస్తున్న. నువ్వు రేపు చెప్పు, ఆమె ఎల్లుండి దాటినంక మిషిన్ దగ్గర నిలవడ్తది. నువ్వు చెప్పకుంటె, వేరే మనిషిని జూస్కుంట.”

టోపీ ఎల్సీ చేతిలో పెట్టాడు. తేలికగా ఉంది అది. వెంట్రుకలు పడకుండా పెట్టుకునే పల్చటి టోపీ.

ఆమె బయటికి వచ్చేసరికి సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు వస్తూనే చాయ్ హోటల్ దగ్గర ముత్యమ్మను చూసి చుట్టుముట్టారు. “ఏమే ఓనరమ్మా!” అని ఒకరు, “మాకు నౌకరి ఎప్పుడిస్తవ్?” అని ఒకరు. దేవమ్మ అనే పెద్దావిడ, ఆ సెక్షన్‌లో అందరికన్నా పాతది, ముత్యమ్మ కొంగు పట్టుకుని అంటోంది: “నాకు గూడ అల్లిక నేర్పియ్యే. ఆదివారం పూట జేస్కుంట. ఈ డ్యూటీకి తోడు నాలుగు పైసలొస్తె మంచిదే గద.”

ముత్యమ్మ వాళ్లందరి తలల మీదుగా చూసింది. ఎల్సీ చేతిలో టోపీ కనబడింది. ముఖం వెలిగింది.

“ఏమన్నడే?” అని అక్కడి నుంచే అరిచింది. “తీస్కుంటనన్నడా?”

ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు. ఎల్సీ రోడ్డు దాటింది. ముత్యమ్మ ఒక్కదాని చెవిలో చెప్పి టోపీ ఇచ్చేస్తే ఈ పూట ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు. ముత్యమ్మ చెయ్యి చాపింది కూడా.

“తీస్కుంటడట చిన్నమ్మా,” అంది ఎల్సీ. టోపీ ఇవ్వలేదు. “ఎవ్వలు పోకుండ్రి. దేవమ్మమ్మా, నువ్వు గూడ జెర ఆగు. ఆయన ఏమన్నడో అందరికి చెప్పాలె.”

ఆమె వెనక, రేకుల షెడ్డు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.